గుండె గోడకు రంధ్రం లేదన్న హకీం - ఇబ్నున్నఫీస్

ముస్లిం వైద్యుల ప్రస్తావన రాగానే మన నాలుక మీదికి ముందుగా వచ్చే పేరు ఇబ్నెసీనా. ఆయన రాసిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథాన్ని తూర్పు పడమరలు రెండూ శతాబ్దాల తరబడి నెత్తిన పెట్టుకున్నాయి. మనవాళ్ళు సభల్లో, ప్రసంగాల్లో ఆ పేరు చెప్పుకుని మురిసిపోతూ ఉంటారు. మంచిదే. అయితే ఆ 'ఖానూన్'నే ప్రాణంగా చదివి, దానికి వ్యాఖ్యానం రాస్తూ, అందులో ఒక పెద్ద పొరపాటు ఉందని మర్యాదగానే అయినా స్పష్టంగా చెప్పిన మరో వైద్యుడు ఉన్నారు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? మన రక్తం గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడి గాలితో కలిసి, తిరిగి గుండెకు చేరుతుందని మొట్టమొదట రాసిపెట్టిన మనిషి ఆయన. పేరు అలాఉద్దీన్ అలీ ఇబ్నె అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. లోకానికి ఇబ్నున్నఫీస్ (రహ్మలై).

దమిష్క్ లో చదువు

క్రీ.శ. 1210 - 1213 మధ్య ప్రాంతంలో సిరియా దేశంలోని దమిష్క్ (డమాస్కస్) పరిసరాల్లో ఆయన జన్మించారు. ఆ కాలం ముస్లిం ప్రపంచానికి చాలా గడ్డుకాలం. ఒకవైపు శిలువ యుద్ధాలు, మరోవైపు తూర్పు నుంచి మంగోలుల దండయాత్రలు. ఇబ్నున్నఫీస్ నడివయసులో ఉండగానే 1258లో బాగ్దాద్ నగరం మంగోలుల చేతిలో నేలమట్టమయింది. రాజ్యాలు కూలిపోతున్న అటువంటి రోజుల్లో కూడా దమిష్క్, కైరో నగరాల్లో చదువుల దీపాలు ఆరిపోలేదు. ఈ సంగతి మనం ప్రత్యేకంగా గమనించాలి.

దమిష్క్ లో అప్పటికే ఒక గొప్ప ఆసుపత్రి ఉండేది. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దం మధ్యలో దానిని కట్టించారు. అందుకే దానికి నూరీ బీమారిస్తాన్ అని పేరు. బీమారిస్తాన్ అంటే రోగులు ఉండే చోటు, అంటే ఆసుపత్రి. వైద్య విద్యార్థులకు అదే పాఠశాల కూడా. అక్కడ ప్రధాన వైద్యులుగా ఉన్న ముహజ్జబుద్దీన్ అద్దఖ్వార్ గారి దగ్గర ఇబ్నున్నఫీస్ వైద్యం నేర్చుకున్నారు. ఈ దఖ్వార్ గారు ఆ రోజుల్లో పేరుమోసిన గురువు. ఇమ్రాన్ అనే యూదు వైద్యుడితో కలిసి ఆయన ఆసుపత్రిలో రోగుల మంచాల దగ్గరకు వెళ్ళేవారు. వ్యాధి లక్షణాలు, ఇవ్వాల్సిన మందు గురించి ఇద్దరూ అక్కడే చర్చించుకునేవారు. శిష్యులు చుట్టూ నిలబడి వినేవారు. పుస్తకంలో చదివినదాన్ని రోగి శరీరంలో చూసి సరిపోల్చుకునే అలవాటు ఆ ఆసుపత్రిలో అలా నేర్పారు. దఖ్వార్ గారు 1230లో కన్నుమూశారు. తమ సొంత ఇంటిని వైద్య పాఠశాలకు రాసి ఇచ్చి మరీ వెళ్ళారు. గురువుగారి ఈ దానాన్ని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. చివర్లో దాని అవసరం వస్తుంది.

ఇబ్నున్నఫీస్ వైద్యంతోనే ఆగిపోలేదు. అరబీ వ్యాకరణం, తర్కశాస్త్రం, హదీసు విద్య, ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖ్హ్ కూడా అధ్యయనం చేశారు. షాఫయీ సంప్రదాయానికి చెందిన ఫిఖ్హ్ పండితునిగా పేరు తెచ్చుకున్నారు. హదీసు శాస్త్ర సూత్రాల మీద ఒక చిన్న గ్రంథం కూడా రాశారు. దీనీ చదువు వేరు, దునియా చదువు వేరు అని మనం నేడు గీస్తున్న గీత ఆయన కాలంలో ఇంత గట్టిగా లేదు. పొద్దున ఆసుపత్రిలో రోగి నాడి పట్టిన మనిషే తర్వాత మద్రసాలో ఫిఖ్హ్ పాఠం చెప్పేవారు.

కైరోలో కొలువు

యువకునిగా ఉండగానే ఆయన దమిష్క్ విడిచి ఈజిప్టు రాజధాని కైరో చేరారు. ఆ తర్వాత జీవితమంతా అక్కడే గడిచింది. ఆసుపత్రిలో వైద్యం చేశారు, శిష్యులకు పాఠాలు చెప్పారు. మస్రూరియా మద్రసాలో ఫిఖ్హ్ బోధించారు. క్రమంగా ఈజిప్టు వైద్యులందరికీ పెద్దగా, 'రయీసుల్ అతిబ్బా'గా ఎదిగారు.

ఆయన వైద్యం చేసే పద్ధతి గురించి చరిత్రకారులు ఒక విషయం రాశారు. ఆహారం మార్చితే తగ్గిపోయే జబ్బుకు ఆయన మందు రాసేవారు కాదట. మందు తప్పనిసరి అయితే ఒక్క మూలికతో సరిపోయే చోట పది మూలికల మిశ్రమం ఇచ్చేవారు కాదట. సంచినిండా మాత్రలు రాస్తేనే పెద్ద డాక్టరు అనుకునే మనకు ఇది కాస్త వింతగా అనిపించవచ్చు.

రాతలో ఆయన వేగం అంతా ఇంతా కాదు. రాయడానికి కూర్చుంటే శిష్యులు కలాలు ముందే చెక్కి పెట్టేవారట. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని, ఏ గ్రంథమూ తెరిచి చూడకుండా, జ్ఞాపకం నుంచే ధారగా రాసుకుంటూ పోయేవారట. ఒక కలం మొద్దుబారితే దాన్ని పక్కన పడేసి మరో కలం అందుకునేవారట. ఒకసారి స్నానశాలలో స్నానం మధ్యలో ఉండగా ఏదో ఆలోచన తట్టింది. వెంటనే బయటి గదిలోకి వచ్చి కలం, సిరా, కాగితాలు తెప్పించుకున్నారు. అక్కడే కూర్చుని నాడి గురించి ఒక వ్యాసం పూర్తిచేసి, మళ్ళీ లోపలికి వెళ్ళి స్నానం ముగించారట.

వైద్యశాస్త్రం మొత్తాన్నీ ఒక్కచోట చేర్చాలని 'అష్షామిల్' అనే బృహద్గ్రంథాన్ని ఆయన తలపెట్టారు. 300 సంపుటాలుగా రాయాలని సంకల్పం. 80 సంపుటాలు శుద్ధప్రతిగా సిద్ధమయ్యేసరికి ఆయుష్షు చెల్లిపోయింది. కంటి వ్యాధుల మీద ఆయన రాసిన గ్రంథం వేరే ఉంది. మానవ సంచారం లేని దీవిలో ఒంటరిగా పెరిగిన మనిషి తన బుద్ధితో సృష్టికర్తను, ప్రవక్తల అవసరాన్ని ఎలా గుర్తిస్తాడో చెప్పే ఒక కథను కూడా ఆయన రాశారు.

ఒక గోడ, రెండు గదులు

ఇక అసలు విషయానికి వద్దాం. మన గుండెలో కుడివైపు, ఎడమవైపు గదులు ఉన్నాయి. మధ్యలో దళసరి కండర గోడ ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ (మన హకీములు జాలీనూస్ అంటారు) రక్తం గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. మనం తిన్న ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారవుతుంది. అది గుండె కుడి గదికి వస్తుంది. ఆ మధ్య గోడలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు ఉన్నాయి. వాటి గుండా రక్తం ఎడమ గదిలోకి ఊరుతుంది. అక్కడ గాలితో కలిసి ప్రాణశక్తిగా మారి శరీరమంతా వ్యాపిస్తుంది. ఇదీ ఆ సిద్ధాంతం.

గాలెన్ మాట అంటే ఆ రోజుల్లో వేదవాక్కు. వెయ్యేళ్ళకు పైగా ఎవరూ దాన్ని కాదనలేదు. ఇబ్నెసీనా వంటి మహామేధావి కూడా గుండె విషయంలో దాదాపు అదే బాటలో నడిచారు. పైగా గుండెకు మూడు గదులున్నాయని రాశారు.

ఇబ్నున్నఫీస్ 'ఖానూన్'లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాయడానికి పూనుకున్నారు. ఆ గ్రంథం పేరు 'షర్హ్ తష్రీహిల్ ఖానూన్'. 1242 నాటి రాతప్రతి ఒకటి నేటికీ ఉంది. అంటే అది రాసేనాటికి ఆయన వయసు 30 ఏళ్ళకు అటూ ఇటూ మాత్రమే. ఆ వయసులో ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది.

గుండెకు ఉన్నవి రెండే గదులు. వాటి మధ్య గోడ దళసరిగా, గట్టిగా ఉంటుంది. అందులో కొందరు అనుకున్నట్లు కనిపించే దారి లేదు, గాలెన్ అనుకున్నట్లు కనిపించని దారి కూడా లేదు. కాబట్టి కుడి గదిలోని రక్తం ఎడమ గదికి చేరాలంటే మరో మార్గం ఉండి తీరాలి. ఆ మార్గమే ఊపిరితిత్తులు. కుడి గది నుంచి రక్తం ఒక పెద్ద నాళం ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ పలచబడి, గాలితో కలుస్తుంది. ఆపైన మరో నాళం ద్వారా గుండె ఎడమ గదికి వస్తుంది. 

ఆ రెండు నాళాల గోడల తేడాను కూడా ఆయన పట్టుకున్నారు. ఊపిరితిత్తులకు రక్తం తీసుకువెళ్ళే నాళం గోడ దళసరి, రెండు పొరలది. తిరిగి తెచ్చే నాళం గోడ పలచన. మొదటిదాని నుంచి సన్నని అంశం మాత్రమే బయటకు వడపోత కావాలి, రెండోది దాన్ని సులువుగా అందుకోవాలి, అందుకే ఆ తేడా అని ఆయన వాదించారు. ఆ రెంటి మధ్య సన్నని మార్గాలు ఉండాలని కూడా రాశారు. 400 ఏళ్ళ తర్వాత, 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ సూక్ష్మదర్శిని సాయంతో ఊపిరితిత్తుల్లోని కేశనాళికలను కళ్ళారా చూసి లోకానికి చెప్పాడు. గుండె కండరానికి ఆహారం దాని లోపలి గదుల్లోని రక్తం నుంచి కాక, దాని గోడల్లోనే వ్యాపించి ఉన్న నాళాల నుంచి అందుతుందని కూడా ఇబ్నున్నఫీస్ చెప్పారు. నేడు గుండెపోటు వచ్చినప్పుడు డాక్టర్లు పూడిక తీసేది ఆ నాళాల్లోనే.

ఉన్నది ఉన్నట్లు చెప్పుకుందాం

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన పెద్దల ఘనత చెప్పుకునేటప్పుడు ఆవేశంలో లేనిది కలిపే అలవాటు మనలో ఉంది. రక్తప్రసరణ మొత్తాన్నీ ఇబ్నున్నఫీసే కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య జరిగే ప్రయాణాన్ని ఆయన చెప్పారు. కాలేయమే రక్తానికి పుట్టిల్లు అన్న పాత నమ్మకాన్ని ఆయన వదులుకోలేదు. గుండె నుంచి బయలుదేరిన రక్తమే శరీరమంతా చుట్టి మళ్ళీ గుండెకు వస్తుందని లెక్కలతో, ప్రయోగాలతో నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే. ఆయన గ్రంథం 1628లో వెలువడింది. ఎవరి వాటా వారికి ఇవ్వడమే న్యాయం. ఇబ్నున్నఫీస్ వాటా చిన్నదేమీ కాదు, దానికి మనం అబద్ధాన్ని తోడు చేయనవసరం లేదు.

మరో ప్రశ్న కూడా ఉంది. షరీఅత్ పట్ల గౌరవం, సహజంగా తనలో ఉన్న జాలి అడ్డు వచ్చి తాను శవాలను కోసి చూసే పనికి దూరంగా ఉన్నానని ఆయనే రాసుకున్నారు. పూర్వుల పరిశీలనల మీద ఆధారపడ్డానని చెప్పారు. అదే గ్రంథంలో మరోచోట, కోసి చూస్తే గాలెన్ మాట నిలవదని కూడా రాశారు. మరి గోడలో రంధ్రం లేదని ఆయన అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? జంతువుల గుండెను పరిశీలించారా, కేవలం తర్కబలంతోనే తేల్చారా? దీని మీద పండితులు నేటికీ చర్చించుకుంటున్నారు. ఒక్కటి మాత్రం నిజం. పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ఆయన ఊరుకోలేదు. చెప్పినవారి పట్ల గౌరవం తగ్గించుకోనూ లేదు. ఇబ్నెసీనా గ్రంథాలను జీవితాంతం బోధిస్తూనే వచ్చారు.

ఆరు శతాబ్దాల నిద్ర

ఇంత పెద్ద విషయం రాసినా అది ఎందుకు లోకానికి తెలియలేదు? ఈ కథలో మనకు సిగ్గు కలిగించవలసిన భాగం ఇదే.

ఇబ్నున్నఫీస్ 'ఖానూన్'ను సంక్షిప్తం చేసి 'మూజజ్' అనే చిన్న గ్రంథం కూడా రాశారు. అది వైద్య విద్యార్థులకు వరమైంది. దానికి ఎందరో టీకలు రాశారు. 15వ శతాబ్దంలో కిర్మాన్ కు చెందిన హకీం నఫీస్ రాసిన టీక 'నఫీసీ' పేరుతో మన దేశానికీ వచ్చింది. భారతదేశంలో యునానీ చదివిన హకీములు తరతరాలుగా ఈ గ్రంథాలు వల్లెవేశారు. చార్మినార్ పక్కనున్న యునానీ ఆసుపత్రిలో మందు తీసుకున్న మన హైదరాబాద్ కుటుంబాలకు ఇబ్నున్నఫీస్ పేరు తెలియకపోయినా, ఆ వైద్య సంప్రదాయంలో ఆయన పాలు కొంత ఉంది.

కానీ 'మూజజ్'లో శరీర నిర్మాణ భాగం లేదు! గుండె గోడ గురించిన మాట పెద్ద వ్యాఖ్యానంలో ఉండిపోయింది. అందరూ పొట్టి పుస్తకం చదివారు. పెద్ద పుస్తకం అటకెక్కింది. 14వ శతాబ్దంలో ఒకరిద్దరు వైద్యులు ఆయన మాటను తమ రచనల్లో ప్రస్తావించారు. ఆ తర్వాత అది మరుగున పడింది.

ఐరోపాలో 1553లో మైఖేల్ సెర్వెటస్ అనే స్పెయిన్ దేశస్థుడు ఊపిరితిత్తుల గుండా రక్తం పోతుందని రాశాడు. మత విశ్వాసాల విషయంలో వచ్చిన వివాదంతో అదే సంవత్సరం జెనీవాలో ఆయనను సజీవ దహనం చేశారు. 1559లో ఇటలీకి చెందిన కొలంబో అదే సంగతి చెప్పాడు. ఇబ్నున్నఫీస్ మాట ఏదో దారిన వారికి చేరిందా అనేది తేలని ప్రశ్న. ఆయన ఇతర వైద్య రచనలో కొంత భాగం లాటిన్ లోకి అనువాదమై 1547లో వెనిస్ లో అచ్చయిందన్నది మాత్రం వాస్తవం. ఏమైనా ఈ ఆవిష్కరణ కీర్తి మొత్తం ఐరోపా ఖాతాలో పడింది. మన గ్రంథాలయాల్లో దుమ్ము పడింది.

1924లో జర్మనీలోని ఫ్రైబర్గ్ లో వైద్యవిద్య అభ్యసిస్తున్న ముహియుద్దీన్ అత్తతావీ అనే ఈజిప్టు యువకుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఒక అరబీ రాతప్రతి తిరగేశాడు. గాలెన్ ను కాదన్న ఆ పంక్తులు చదివి నివ్వెరపోయాడు. దాని మీదే తన పరిశోధనా వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది అతని ఆచార్యులకు మొదట నమ్మశక్యం కాలేదు. కైరోలో ఉన్న మాక్స్ మెయర్ హోఫ్ అనే జర్మన్ వైద్య పండితునికి ఆ వ్యాసాన్ని పంపించి అభిప్రాయం అడిగారు. మెయర్ హోఫ్ పరిశీలించి నిజమేనని తేల్చి, 1930వ దశకంలో ప్రపంచానికి చాటారు. అలా ఇబ్నున్నఫీస్ కన్నుమూసిన 600 ఏళ్ళకు పైగా గడిచాక ఆయన మాట వెలుగు చూసింది. చదివే కళ్ళు లేకపోతే ఎంత గొప్ప సత్యమైనా కాగితాల మధ్య నిద్రపోతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చివరి శుక్రవారం

ఇబ్నున్నఫీస్ వృద్ధాప్యంలో ఉండగా కైరోలో మన్సూరీ ఆసుపత్రి వెలిసింది. దాని వెనక కూడా ఒక కథ ఉంది. సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ తాను ఇంకా అమీరుగా ఉన్న రోజుల్లో దమిష్క్ లో తీవ్రమైన కడుపునొప్పితో పడిపోయాడు. నూరీ ఆసుపత్రి నుంచి తెచ్చిన మందులతో కోలుకున్నాడు. అల్లాహ్ తనకు అధికారం ఇస్తే కైరోలో అటువంటి ఆసుపత్రి కట్టిస్తానని మొక్కుకున్నాడు. సుల్తాన్ అయ్యాక 1284 ప్రాంతంలో మాట నిలబెట్టుకున్నాడు. ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు, యజమాని, బానిస అన్న తేడా లేకుండా అందరికీ చికిత్స చేయాలన్నది దాని వఖ్ఫ్ నియమం. ఇబ్నున్నఫీస్ చదువుకున్న ఆసుపత్రే ఆయన జీవితపు చివరి ఆసుపత్రికి ఇలా ప్రేరణ అయింది.

హిజ్రీ 687 జుల్ ఖాదా నెలలో ఆయనకు జబ్బు చేసింది. సుమారు 80 ఏళ్ళ వయసు. తోటి వైద్యులు వచ్చి చూశారు. కాస్త మద్యం పుచ్చుకుంటే మేలు చేస్తుందని సలహా ఇచ్చారు. ఆ కాలపు వైద్యంలో అది మామూలు మందే. ఈ జబ్బుకు అది పనిచేస్తుందో లేదో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా కడుపులో మద్యంతో తన ప్రభువును కలుసుకోవడం తనకు ఇష్టం లేదని చెప్పి నిరాకరించారు. క్రీ.శ. 1288 డిసెంబరు 17న, శుక్రవారం నాడు, ఆయన తుదిశ్వాస విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఆయన తన ఇంటిని, జీవితమంతా కూడబెట్టుకున్న గ్రంథాలయాన్ని మన్సూరీ ఆసుపత్రికి వఖ్ఫ్ చేసి వెళ్ళారు. తన ఇల్లు చదువుకు రాసిచ్చిన గురువు దఖ్వార్ గారి అడుగుజాడ అది.

మనం ఏం నేర్చుకోవాలి?

రోగం వస్తే చికిత్స చేయించుకోమని మన ప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఆ బోధనే ముస్లిం వైద్యులకు దారి చూపింది. ఇబ్నున్నఫీస్ జీవితంలో విశ్వాసం, విజ్ఞానం తగవులాడుకోలేదు. మద్యం విషయంలో ధర్మానికి తలవంచిన ఆయనే, గుండె విషయంలో గాలెన్ కు తలవంచలేదు. ధర్మాజ్ఞ ఏదో, మనిషి చెప్పిన అభిప్రాయం ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు. మొదటిదానికి విధేయత చూపాలి, రెండోదాన్ని పరీక్షించి చూడాలి. మనం చాలాసార్లు ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం.

ఈ శుక్రవారం జుమా నమాజు నుంచి ఇంటికి వచ్చాక తల్లిదండ్రులు పిల్లలను కూర్చోబెట్టి ఈ మహనీయుని గురించి చెప్పాలని మేము కోరుతున్నాం. మనవాళ్ళు ఎప్పుడో గొప్పవాళ్ళు అని చెప్పి ఊరుకుంటే ఆ మాట పిల్లల కడుపు నింపదు. పాఠ్యపుస్తకంలో గుండె బొమ్మ దగ్గరకు వచ్చినప్పుడు ఆ మధ్య గోడ మీద వేలు పెట్టి, ఇక్కడ దారి లేదని మొదట చెప్పింది ఎవరో చూపించండి. ఆ తర్వాత, పాఠంలో అర్థం కానిది ఉంటే గురువును అడగమని, సంక్షిప్తంతో సరిపెట్టుకోక పూర్తి పుస్తకం చదవమని చెప్పండి. అమ్మాయిలకూ, అబ్బాయిలకూ ఒకేలా చెప్పండి. ఇంట్లో అటక మీద తాతలనాటి ఉర్దూ, అరబీ, ఫార్సీ పుస్తకాలు ఏమైనా ఉంటే చిత్తుకాగితాలకు వేయకుండా దించి, దుమ్ము దులిపి, చదవగలిగినవారికి చూపించండి. బెర్లిన్ గ్రంథాలయంలో ఆ విద్యార్థి చేసిన పని కూడా అంతే.

అల్లాహ్ ఇబ్నున్నఫీస్ గారి సేవలను స్వీకరించి, మనకూ మన పిల్లలకూ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.